ఆర్కే బీచ్ మునిగిపోయినట్టు వీఆర్‌లో చూపించారు. ఇలా భయపెడితే ఏమైనా ఉపయోగం ఉందా?

విశాఖ_విజయ
మా వాడు ఎనిమిదో తరగతి. మొన్న వాళ్ళ స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి ఎవరో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లు తెచ్చారట, కళ్ళకి తగిలించుకుంటే ఆ చోటులోనే ఉన్నట్టు కనిపించేవి. పెట్టుకోగానే 2050లో ఆర్కే బీచ్ రోడ్డు. సబ్‌మెరైన్ మ్యూజియం చుట్టూ నీళ్ళు, కార్లు తేలుతుంటాయి, నీళ్ళు నడుం దాటి మెడ దాకా వస్తాయి. చివర్లో ఎర్ర అక్షరాలతో "ఇదే మీ భవిష్యత్తు". అంతే, హెడ్‌సెట్ ఊడదీసి వెనకున్న పిల్లాడికి తగిలించారు.

మేముండేది పెదవాల్తేరు. వాడికి ఆ రాత్రి నిద్ర లేదు. "ఇల్లు అమ్మేద్దామా అమ్మా" అంటాడు. మావారేమో "అదంతా గ్రాఫిక్స్ రా, పడుకో" అని తేల్చేశారు. నాకు ఈ రెండూ నచ్చలేదు. నిజంగా 2050కి అలా ఉంటుందా? ఇలాంటివి చూపిస్తే జనం మారతారా, టెన్షన్ పడి ఊరుకుంటారా? స్కూల్ పేరు, కంపెనీ పేరు అడక్కండి, చెప్పను.

చిరాకు_రావు
ఇల్లు అమ్మేటట్టయితే ముందు నాకు చెప్పండి. 2050 రేటుకి కొంటాను.

జీఐఎస్_గిరి
2050కి మెడలోతు అన్నది తప్పు. అది ఎక్కడ పుట్టి ఉంటుందో ఊహించగలను.

2021 ఆగస్టులో ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం) ఆరో నివేదిక మొదటి భాగం వచ్చింది. అందులోని అంకెలతో నాసా ఒక వెబ్ టూల్ పెట్టింది. ఊరి పేరు మీద నొక్కితే అక్కడ సముద్ర మట్టం ఏ దశాబ్దానికి ఎంత పెరగొచ్చో చూపిస్తుంది. మన దేశం నుంచి 12 తీరపట్టణాల గురించి వార్తలొచ్చాయి, అందులో విశాఖ ఒకటి. ఈ శతాబ్దం చివరికి 1.77 అడుగులు అని రాశారు. అక్కడిదాకా బాగానే ఉంది. మర్నాటికల్లా అది "12 నగరాలు మూడడుగుల నీటిలో" అయిపోయింది. సముద్రం అడుగున్నర పైచిలుకు పెరగడం వేరు, ఊరు అన్ని అడుగుల నీళ్ళలో నిలబడటం వేరు. బీచ్ రోడ్డు ఇప్పటి సముద్ర మట్టం కంటే బాగా పైన ఉంది. పైగా అది 2100 సంగతి, 2050ది కాదు.

ఇలాంటి మ్యాపుల్లో చాలావాటిని మా ఫీల్డ్‌లో బాత్‌టబ్ మోడల్ అంటాం. నీటి మట్టాన్ని ఊరంతా సమానంగా పెంచి, దానికి కిందున్న నేలకంతా నీలం రంగు పూసేస్తారు. మధ్యలో కట్ట ఉందా, నీళ్ళు అక్కడిదాకా వెళ్ళే దారి ఉందా అని చూడరు.

అలాగని "అంతా ఉత్తదే" అని మీవారు సంబరపడనక్కర్లేదు. తప్పు రెండో వైపూ జరిగింది. చాలాకాలం అందరూ వాడింది 2000లో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల డేటా. దానికి చెట్ల కొసలు, మేడల కప్పులు కూడా నేలలాగే కనిపిస్తాయి. 2019లో క్లైమేట్ సెంట్రల్ అనే అమెరికా పరిశోధన సంస్థ వాళ్ళు దాన్ని సరిచేసి లెక్క వేస్తే, 2050కి సగటున ఏటా ఒకసారి వచ్చే వరద మట్టానికి కింద పడే నేల మీద ఇప్పుడు దాదాపు 30 కోట్ల మంది ఉన్నారని తేలింది. పాత లెక్కకి మూడింతల పైనే. కొబ్బరి తోటలున్న కోనసీమ లాంటి చోట్ల పాత డేటా నేలని ఎత్తుగా చూపిస్తుంది. అంటే విశాఖకి లేని ప్రమాదం చూపిస్తూ, డెల్టాలకి ఉన్న ప్రమాదం దాచిపెట్టామన్నమాట.

ఉప్పాడ_కుర్రోడు
2050 దాకా ఎందుకండీ, కాకినాడ పక్కన మా ఉప్పాడ రండి. హెడ్‌సెట్ అక్కర్లేదు, టికెట్ లేదు. నా చిన్నప్పుడు మా ఇంటికీ సముద్రానికీ మధ్య మూడు వరుసల ఇళ్ళుండేవి. ఇప్పుడు మాదే మొదటి వరుస. జియోట్యూబ్ గోడ, అంటే ఇసుక నింపిన పెద్ద పెద్ద సంచులు వేశారు, అదీ చిరిగిపోయింది. బీచ్ రోడ్డు వేస్తారు, తుఫాను కొట్టేస్తుంది, మళ్ళీ వేస్తారు.

మాస్టారు_కాకినాడ
ఉప్పాడ కోతని మొత్తం వాతావరణ మార్పు ఖాతాలో వేయకూడదు బాబూ. రేవు కట్టడాలు, కాకినాడ ఎదుటి ఇసుక దీవి హోప్ ఐలండ్ పెరిగి అలల దారి మారడం, గోదావరి మీద ఆనకట్టల వెనక ఇసుక, ఒండ్రు ఆగిపోవడం, ఇవన్నీ ఉన్నాయి. డెల్టాకి ఏటా కొత్త మట్టి రాకపోతే నేల కుంగుతుంది. సముద్రం పెరగడం దానికి తోడు. ఇవన్నీ చెప్పకుండా ఒక్క సముద్రాన్నే విలన్ని చేసి సినిమా చూపిస్తే పిల్లలు తప్పు నేర్చుకుంటారు.

ఉప్పాడ_కుర్రోడు
ఏ కారణానికి ఎంత వాటా అన్నది ఇల్లు పోయాక తీరిగ్గా తేల్చుకుందాం మాస్టారూ.

మాస్టారు_కాకినాడ
కోపం అర్థమైంది. కానీ కారణం తెలియకపోతే మందు కూడా తప్పే పడుతుంది కదా. జియోట్యూబ్ సంగతి నువ్వే చెప్పావు.

బే_ఏరియా_బాబాయ్
"జనం మారతారా" అన్న ప్రశ్నకి వస్తే, దీని మీద స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బేలెన్సన్ వీఆర్ ల్యాబ్ చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. ఒక ప్రయోగంలో కొందరు వీఆర్‌లో రంపంతో చెట్టు కోశారు, చేతిలో ఆ అదురు కూడా తెలుస్తుంది. ఇంకొందరు చెట్టు కొట్టడం గురించి చదివారు, అంతే. తర్వాత "అనుకోకుండా" నీళ్ళు ఒలికించి తుడవమంటే, చెట్టు కోసినవాళ్ళు 20 శాతం తక్కువ నాప్కిన్లు వాడారు. 2014లో అచ్చయింది.

అదే ల్యాబ్ 2016లో సముద్రం ఆమ్లీకరణ (కార్బన్ డయాక్సైడ్ కరిగి నీళ్ళు ఆమ్లంగా మారడం) మీద ఒక వీఆర్ అనుభవం తయారుచేసింది. మనం పగడం అయిపోతాం, చుట్టూ ఉన్న జీవాలు ఒక్కొక్కటే పోతుంటాయి. ఇటలీలో ఇస్కియా అనే దీవి దగ్గర సముద్రం అడుగునుంచి సహజంగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తాయి, అక్కడి రాతిదిబ్బని చూసి తీర్చిదిద్దారు. వాళ్ళు గమనించింది ఏంటంటే, అటూ ఇటూ తిరిగి వెతుక్కుంటూ చూసినవాళ్ళు ఎక్కువ నేర్చుకున్నారు. విజయ గారి అబ్బాయికి తిరిగే టైమ్ ఎక్కడిచ్చారు? కూర్చోబెట్టి నీళ్ళు పోశారు.

చిరాకు_రావు
ఆ చదువుకున్నవాళ్ళంతా కలిసి నాప్కిన్లు తగ్గించారు. హమ్మయ్య, భూగోళం సేఫ్.

బే_ఏరియా_బాబాయ్
వెటకారం సరే గానీ రావు, నా అనుమానం కూడా అదే. అయిదు నిమిషాల తర్వాత నాప్కిన్ తగ్గించడం వేరు, అయిదేళ్ళ తర్వాత ఇల్లు ఎక్కడ కొనాలో ఆలోచించడం వేరు. ఆ రెండోది కొలవడం కష్టం.

యూనిటీ_చైతు
నేను గచ్చిబౌలిలో ఇలాంటివే చేస్తాను, కాబట్టి వంటింటి గుట్టు చెప్తాను. డెమోలో అర మీటరు నీళ్ళు పెడితే క్లయింట్ "ఏంటి బ్రో, ఏం కనబడట్లేదు" అంటాడు. చీలమండ దాటిన నీళ్ళు హెడ్‌సెట్‌లో బోర్ కొడతాయి. ఒక మీటరు, రెండు మీటర్లు, చివరికి కార్లు తేలితే గానీ బిల్లు పాస్ కాదు. ఏ సంవత్సరం, ఎంత అవకాశం, ఏ డేటా అన్నది స్క్రిప్టులో ఎవరూ అడగరు. అంకె కావాలని నేనే మెయిల్ పెడితే "రియలిస్టిక్‌గా ఉండేలా చూసుకో" అని జవాబు వచ్చింది.

బాగా చేసింది కూడా ఉంది. 2018 సెప్టెంబర్‌లో ఫ్లోరెన్స్ హరికేన్ అప్పుడు అమెరికాలో వెదర్ ఛానెల్ వాళ్ళు గేమ్ ఇంజిన్ మీద చేసిన వీడియో చూడండి. యాంకర్ నిలబడి మాట్లాడుతుంటే చుట్టూ నీళ్ళు మూడడుగులు, ఆరడుగులు, తొమ్మిదడుగులు పెరుగుతాయి. మూడడుగులకే కారు కదిలిపోతుంది, తొమ్మిదికి కింది అంతస్తు మొత్తం పోయినట్టే. గ్రాఫిక్స్ మావాటిలాంటివే. తేడా ఎక్కడంటే అది రాబోయే రెండు మూడు రోజుల సంగతి, అంకె అప్పటి ఫోర్‌కాస్ట్‌లోది, ఖాళీ చేయమన్న ఆర్డర్ పక్కనే నడుస్తోంది.

భద్రాద్రి_వాసి
మా ఊళ్ళో ఈ హెడ్‌సెట్లేమీ లేకుండానే చిన్న పిల్లాడికి కూడా రిస్కు తెలుసు. గోదావరి 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 53 అన్నారంటే ఏ వీధిలోకి నీళ్ళొస్తాయో, ఎవరు సామాను అటక మీదకి ఎక్కించాలో, ఎవరు బడికి వెళ్ళిపోవాలో టీకొట్టు దగ్గరే తేలిపోతుంది. 1986లో 75.6 వచ్చింది, మా నాన్న ఇప్పటికీ గోడ మీద గీత చూపిస్తారు. 2022 జులైలో 71.3 వచ్చినప్పుడు ఊరంతా ఆ పాత గీతనే కొలబద్దగా పెట్టుకుంది. "ఇంకా నాలుగడుగులుంది" అని రాత్రంతా అదే మాట.

మీ వీఆర్‌లో ఆ గీత ఏదీ?

విశాఖ_విజయ
ఇది మంచి ప్రశ్న. గిరి గారూ, వైజాగ్‌కి అలాంటి అంకె ఏదైనా ఉందా?

జీఐఎస్_గిరి
నదికి ఉన్నట్టు మూడు మెట్ల హెచ్చరిక సముద్రానికి లేదు. కానీ తుఫాను బులెటిన్‌లో ఉప్పెన ఎత్తు ఇస్తారు, మామూలు పోటు మీద ఎంత అని. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు విశాఖలో పోటు మీద సుమారు 1.4 మీటర్లు నమోదైంది. అందరికీ గాలే గుర్తుంది, నీళ్ళు గుర్తులేవు.

నేనైతే పిల్లలకి దాన్నే చూపిస్తాను. అదే హుద్‌హుద్, అదే గాలి, అదే 1.4. కాకపోతే ఈసారి సముద్రం అప్పటికే అర మీటరు పెరిగి ఉంది, అప్పుడు ఫిషింగ్ హార్బర్ దగ్గర నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి? పోర్టు పల్లంలో ఎక్కడిదాకా? బీచ్ రోడ్డు మునగదు, కానీ బీచ్ ఉంటుందా? ఇప్పటికే పోర్టు బ్రేక్‌వాటర్లు (అలల్ని ఆపే రాతి గోడలు) దక్షిణం నుంచి వచ్చే ఇసుకని ఆపేస్తుంటే, డ్రెడ్జింగ్‌లో, అంటే ఓడతో సముద్రం అడుగు తవ్వి తీసిన ఇసుకని తెచ్చి ఆర్కే బీచ్‌లో పోస్తున్నారు. ఈ సంగతి ఆ హెడ్‌సెట్‌లో ఉందా? అసలు కథ అది.

దివి_నాని
అందరూ భయం పనిచేయదన్నట్టు మాట్లాడుతున్నారు. నేను ఒప్పుకోను. మాది దివిసీమ. 1977 నవంబర్ 19, ఉప్పెన వచ్చిన రోజు. సర్కారు లెక్కే పది వేల మంది దాకా పోయారని. మా నాన్నమ్మ తుమ్మచెట్టు కొమ్మకి చీరకొంగుతో కట్టేసుకుని బతికింది, భుజం మీద ముళ్ళ మచ్చలు పోయేదాకా ఉన్నాయి. ఆవిడ ఉన్నంతకాలం రేడియోలో "వాయుగుండం" అంటే చాలు, బియ్యం, కాగితాలు మూటగట్టి షెల్టర్‌కి నడిచేది. ఎవరూ బతిమాలక్కర్లేదు. ఇప్పుడు మా బాబాయి కొడుకులు "ప్రతిసారీ ఇలాగే అంటారు, ఏం కాదు" అని క్రికెట్ ఆడతారు. ఆవిడ చూసింది వాళ్ళకి ఒక పావుగంట చూపించగలిగితే తప్పేంటి? భయమే మమ్మల్ని బతికించింది.

సైకాలజీ_సరోజ
నాని గారూ, మీరు చెప్పిన దాంట్లోనే జవాబుంది. నాన్నమ్మ గారికి భయంతో పాటు షెల్టర్ ఉంది. ఎప్పుడు కదలాలో తెలుసు, ఏం పట్టుకోవాలో తెలుసు. భయం ఉండి దారి కూడా కనిపిస్తే మనిషి కదులుతాడు. దారి లేకపోతే రెండే మిగులుతాయి. ఒకటి విజయ గారి అబ్బాయిలా నిద్ర పట్టకపోవడం, రెండు వాళ్ళాయనలా "గ్రాఫిక్స్" అని తోసేయడం. ఒకే ఇంట్లో రెండు శాంపిల్స్ దొరికాయి, థీసిస్ రాసుకోవచ్చు.

నేను పిల్లలతో కౌన్సెలింగ్ చేస్తాను. పదమూడేళ్ళ వాడికి 2050 చూపించి మధ్యలో వదిలేయడం నాకు అస్సలు నచ్చలేదు. హెడ్‌సెట్ తీశాక కనీసం పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడే మనిషి ఉండాలి. ఆ మనిషికి బడ్జెట్ లేకపోతే హెడ్‌సెట్‌కీ వద్దు.

చిరాకు_రావు
ఇందాకటి నుంచి సరోజ గారు చెప్పిందే మొదటి పనికొచ్చే మాట. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

సింగ్‌నగర్_శ్రీను
బెజవాడ నుంచి. నాకు ఈ మ్యాపులంటే వేరే రకం మంట. 2024 సెప్టెంబర్ 1. ఊరంతా కృష్ణ వైపు చూస్తోంది, ప్రకాశం బ్యారేజీకి వరద పెరుగుతూ వస్తోంది, టీవీలన్నీ అక్కడే. మాకు నీళ్ళు వెనక నుంచి బుడమేరు వాగులోంచి వచ్చాయి. పొద్దున పాలు తేవడానికి దిగితే మెట్ల మీద నీళ్ళు, మధ్యాహ్నానికి కింది అంతస్తు లేదు. పాల ప్యాకెట్లు తాడు కట్టిన బకెట్లో పైకి లాక్కున్నాం.

నది వరద మ్యాపు చూసి "మనం కరకట్టకి దూరం" అని ధైర్యంగా ఉన్నవాళ్ళమే అందరం. ఎర్రగా చూపిస్తే భయపడతారని మీరంతా బాధపడుతున్నారు. తెల్లగా చూపిస్తే హాయిగా పడుకుంటారు, దాని సంగతేంటి?

జీఐఎస్_గిరి
శ్రీను గారు చెప్పింది చాలా ముఖ్యం. మా పనిలో ఇదే పెద్ద తలనొప్పి. గీతకి ఈవల "ప్రమాదం", ఆవల "సేఫ్" అని జనం చదువుకుంటారు. మేం చెప్పేది అవకాశం, వాళ్ళు వినేది అవును, కాదు. వందేళ్ళకోసారి వచ్చే వరద అంటాం, అందరూ "ఇంకో వందేళ్ళ దాకా రాదు" అనుకుంటారు. దానర్థం ఏటా నూటికి ఒక వంతు అవకాశం అని. ముప్ఫయ్యేళ్ళ హోమ్‌లోన్ తీరేలోపు ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. లోన్ పేపర్ల మీద ఈ అంకె ముద్రించాలి అసలు.

యూనిటీ_చైతు
గిరి అన్నా, ఇది గేమ్‌లో చాలా ఈజీ. ఒకే భవిష్యత్తు చూపించే బదులు, పిల్లాడు ప్రతిసారి బటన్ నొక్కితే ఒక ఏడాది దొర్లుతుంది. చాలాసార్లు ఏమీ జరగదు. ఎప్పుడో ఒకసారి దబాల్న వస్తుంది. పక్క పిల్లాడికి మూడో నొక్కుకే వచ్చేస్తుంది, ఇంకొకడికి అసలు రాదు. అప్పుడు వాళ్ళలో వాళ్ళే "అన్యాయం" అని కొట్టుకుంటారు. అవకాశం అంటే ఏంటో అక్కడ అర్థమవుతుంది. క్లయింట్ ఒప్పుకోడు, అది వేరే విషయం.

లెక్చరర్_లత
హెడ్‌సెట్టే ఎందుకు? నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఎన్‌రోడ్స్ వాడతాను. ఎంఐటీ స్లోన్, క్లైమేట్ ఇంటరాక్టివ్ కలిసి చేసింది, బ్రౌజర్లో ఉచితం. బొగ్గు, చమురు, అడవులు, కార్బన్ ధర (వదిలే కార్బన్ మీద వేసే రుసుము) ఇలా ఒక్కోదానికి ఒక స్లైడర్. జరిపితే 2100కి ఉష్ణోగ్రత ఎంతవుతుందో పక్కనే మారుతుంది. ఏమీ ముట్టుకోకపోతే మూడు డిగ్రీల పైన చూపిస్తుంది.

ప్రతి బ్యాచ్ మొదట చెట్ల స్లైడర్ పట్టుకుంటుంది. చివరిదాకా లాగుతారు, అంకె కొంచెమే కదులుతుంది, అందరి మొహాలూ చూడాలి. కార్బన్ ధర లాగితే బాగా కదులుతుంది. పోయిన సెమిస్టర్‌లో బొగ్గు మీద పన్ను దగ్గర ఇద్దరు అమ్మాయిలు గొడవ పెట్టుకున్నారు. ఒకమ్మాయి నాన్నది సింగరేణిలో ఉద్యోగం. "స్లైడర్ లాగేశావ్, మా నాన్న ఎక్కడికి పోవాలి?" అంది. క్లాసు గంట దాటిపోయినా ఎవరూ లేవలేదు. ఏ వరద బొమ్మా అంత మాట్లాడించలేదు.

దివి_నాని
బాగుంది మేడమ్, కానీ మా క్రికెట్ బ్యాచ్ స్లైడర్ల దగ్గర కూర్చోరు. వాళ్ళకి నీళ్ళే చూపించాలి. ఎవరికి ఏది అన్నది కూడా ఉంది కదా.

వాట్సాప్_బాధితుడు
మా అపార్ట్‌మెంట్ గ్రూపులో చార్మినార్ నడుం లోతు నీళ్ళలో ఉన్న ఫోటో తిరిగింది, "హైదరాబాద్ 2050, శాస్త్రవేత్తల హెచ్చరిక" అని. వెతికితే మాంట్రియల్‌లో ఏఐ శాస్త్రవేత్త యోషువా బెంజియో వాళ్ళ మీలా సంస్థ 2021లో పెట్టిన సైట్ లాంటిదానితో చేసినట్టుంది. మీ వీధి అడ్రస్ ఇస్తే స్ట్రీట్ వ్యూ ఫోటోకి ఏఐ నీళ్ళు పూస్తుంది. ఆ చోటుకి నిజంగా వరద వస్తుందని వాళ్ళు చెప్పలేదు, మన వీధి అనిపిస్తే పట్టించుకుంటారని చేశారు. ఫార్వర్డ్ అయ్యేసరికి ఆ ముక్క రాలిపోయి బొమ్మ మిగిలింది. సముద్రానికి ఐదొందల మీటర్ల ఎత్తులో ఉన్నాం స్వామీ అంటే నన్ను "నెగటివ్" అన్నారు.

చిరాకు_రావు
సునామీ హెచ్చరిక కేంద్రం ఇన్‌కాయిస్‌ని హైదరాబాద్‌లోనే ఎందుకు పెట్టారనుకున్నారు? సముద్రం వచ్చేలోపు మెయిల్స్ అన్నీ చూసుకోవచ్చని.

సింగ్‌నగర్_శ్రీను
నవ్వొచ్చింది గానీ, 2020 అక్టోబర్‌లో ఘట్‌కేసర్‌లో ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు పడినప్పుడు హైదరాబాద్‌లో కార్లు నిజంగానే తేలాయి. సముద్రం అక్కర్లేదు. ఆ ఫోటో పెట్టిన మనిషి చెరువు పేరు రాసి ఉంటే సరిపోయేది.

మోడరేటర్
చెరువుల కబ్జా మీద పార్టీల గొడవ మొదలైంది, ఆ పోస్టులు తీసేశాను. విషయం మీద ఉండండి.

విశాఖ_విజయ
అందరికీ జవాబు ఇవ్వలేకపోతున్నాను, అన్నీ చదివాను. స్కూల్ సైన్స్ టీచర్‌తో మాట్లాడాను. ఆవిడకీ ఆ ఎర్ర అక్షరాలు నచ్చలేదట, కానీ "ఫ్రీగా వచ్చారు కదా" అన్నారు. వచ్చే నెల మళ్ళీ పెడుతున్నారు. నేను మూడు అడిగాను. ఏ సంవత్సరం, ఏ డేటా అన్నది తెర మీద రాయాలి. 2014 హుద్‌హుద్ నీటి గీత, దాని మీద అర మీటరు, ఈ రెండూ పక్కపక్కన చూపాలి. అయ్యాక సరోజ గారు చెప్పినట్టు ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాలి. మూడోదానికి "మీరే రండి" అని నా మీదకే తోశారు.

మా వాడికి గిరి గారి పోస్టు చదివి వినిపించాను. ఇసుక ఎక్కడినుంచి తెచ్చి పోస్తున్నారు, ఆ ఓడ చూడొచ్చా అని అడుగుతున్నాడు. మావారు మాత్రం "నేను ముందే చెప్పానుగా గ్రాఫిక్స్ అని" అంటూ గెలిచినట్టు తిరుగుతున్నారు.

జీఐఎస్_గిరి
మీవారికి శ్రీను గారి పోస్టు వినిపించండి.

యూనిటీ_చైతు
ఆ అర మీటరు సీన్ నేను ఊరికే చేసిస్తాను అక్కా, డీఎం చేయండి. గిరి అన్న ఎత్తుల డేటా ఇవ్వాలి. చీలమండ లోతు నీళ్ళే పెడతా, ఎవడు బోర్ అంటాడో చూద్దాం.

మాస్టారు_కాకినాడ
అందులో ఇసుక కూడా చూపించు నాయనా. నీళ్ళు పెరగడం ఒక్కటే కాదు, ఒడ్డు తరగడం కూడా.

ఉప్పాడ_కుర్రోడు
విజయ గారూ, అబ్బాయిని తీసుకుని ఒకసారి మా ఊరు రండి, పౌర్ణమి పోటుకి వస్తే బాగా తెలుస్తుంది. జాందానీ చీరలు మగ్గం దగ్గరే చూసుకోవచ్చు.

చిరాకు_రావు
జాందానీ రేటు వింటే ఆయనకి 2050 కంటే ఎక్కువ భయం పుడుతుంది. ఏం పర్లేదు, వెళ్ళండి.

ఉప్పాడ_కుర్రోడు
వచ్చేటప్పుడు కాకినాడ వైపు బీచ్ రోడ్డు పెట్టుకోకండి, సముద్రం గట్టిగా ఉన్న రోజుల్లో ఆపేస్తారు. పిఠాపురం మీదుగా రండి.